‘నేనే’ అంటే తలుపు తియ్యని డబ్బా

ఏడో తెప్ప, తపాలా గది. రాస్తున్నది మల్లాడి నూకరత్నం.

పౌర్ణమి

కొత్త డబ్బా వచ్చింది. ఎవరో నెత్తిన పెట్టుకుని తెచ్చారని కాదు. ఒడ్డు నుంచి తీగ మీద వచ్చి మా పెద్ద కంప్యూటర్లో ఓ మూల కూర్చుంది. దాని గోడలు దానివి, దాని తలుపు దానిది. పక్కన ఇంకా నాలుగైదు డబ్బాలున్నాయి, ఒకదాని గొడవ ఇంకోదానికి తెలియదు. ఇకనుంచి మా తెప్ప మీద ఎవరు ఎవరికి ఉత్తరం పంపినా ఈ డబ్బాయే అందుకుని చేర్చాలి. పాతది ముసలిదై ఉత్తరాలు మింగడం మొదలుపెట్టింది.

మనుషుల ఉత్తరాలే అయితే నాకింత కంగారు లేదు. ఉపగ్రహాలు రాలిపోయాక మాకు మిగిలింది ఉత్తరమొక్కటే. తీగ తెగితే ఆగుతుంది, ఓపిక పట్టి మళ్లీ బయల్దేరుతుంది. అందుకని ఈ నీళ్ల మీది ఊళ్లో మిషన్లు కూడా ఉత్తరం చదివే నడుస్తాయి. మంచినీళ్ల తూము, చేపల ఎండుగది, గాలి మిషన్, అన్నీ.

వచ్చే అష్టమికి లంగరు గొలుసు మార్చాలి. ఆ రోజు నీళ్ల లాగుడు తక్కువ. దిగేది మా తమ్ముడు పైడిరాజు. వాడికి గొట్టంలో గాలి పంపేది గాలి మిషన్. ‘గాలి ఆపు’ అని ఉత్తరం వస్తే ఆపేస్తుంది. ‘పైకి లాగు’ అని వస్తే గిలక తిప్పి లాగేస్తుంది. ఎవరు రాశారని అది అడగదు, అడగాల్సింది డబ్బా. డబ్బా సరిగ్గా అడుగుతోందో లేదో పరీక్షించాల్సింది నేను. గిలకకి చేత్తో తిప్పే పిడి ఒకటుండేది. అది తుప్పు పట్టి ఊడిపోతే కొత్తది పంపమని ఒడ్డుకి రాశాం. ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు మహానుభావులు.

పని మొదలుపెట్టానో లేదో గోడకున్న మాటగొట్టం మోగింది.

“ఎవరు?”

“నేనే!”

ఏడో తెప్పలో ఎవర్నడిగినా ఇదే జవాబు. తలుపు కొట్టినా నేనే, గొట్టంలో పిలిచినా నేనే. పేరు చెప్పరు. పేరు చెప్పుకోవాల్సినంత పరాయివాళ్లమైపోయామా అని అలుగుతారు. ఈ ‘నేనే’ మా తెప్పకి పెద్ద, సరంగు పెసింగి సత్యలింగం. నాకు వరసకి బాబాయ్.

“పెట్టె వచ్చిందంట గదా అమ్మడూ? మనోళ్లని మాత్తరం ఆపకేం.”

“మనోళ్లెవరో దానికెలా తెలుస్తుంది బాబాయ్?”

“తెప్ప మీదున్నోళ్లందరూ మనోళ్లే. అదీ తెలీదేటి దానికి?”

విదియ

ఈ డబ్బాలో నమ్మకానికి నాలుగు మెట్లున్నాయి. మొదటి మెట్టు, ఎవర్నీ నమ్మదు, అందరూ పాస్‌వర్డ్ చెప్పాల్సిందే. రెండోది, తన డబ్బాలో పుట్టిన ఉత్తరాలని నమ్ముతుంది. మూడోది, పక్క డబ్బాలనీ మిషన్లనీ కూడా నమ్ముతుంది. నాలుగోది, ఈ తీగల మీద ఎవడొచ్చినా సరే, రండి రండి దయచేయండి అంటుంది.

సరంగు బాబాయ్ నాలుగో మెట్టు పెట్టించాడు. వద్దన్నాను. “మా ఇంట్లో నన్నే ఎవరంటాదేటి నీ డబ్బా?” అన్నాడు. ఎవరైనా మీ పేరు పెట్టుకుని రాస్తే ఎలా అన్నాను. “నా పేరెట్టుకునే మగాడెవడే?” అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే.

సరే, మగాడు లేకపోతే ఆడది ఉంది కదా. మధ్యాహ్నం ఎండుగదికి వెళ్లి, చేపల తూకం మిషన్ ముందు కూర్చుని, పాస్‌వర్డ్ గీస్‌వర్డ్ ఏమీ లేకుండా తెప్ప మొత్తానికి ఒక ఉత్తరం రాశాను. ‘రేపు మధ్యాహ్నం మా ఇంట్లో అందరికీ భోజనం. పళ్లాలు మీరే తెచ్చుకోండి. ఇట్లు, సరంగు సత్యలింగం.’

డబ్బా కిక్కురుమనకుండా తీసుకుంది. అందరికీ చేర్చింది కూడా.

తదియ

పళ్లాలు తెచ్చుకున్నారు. తెప్పలో నడవగలిగిన ప్రతి ప్రాణీ వచ్చింది. సరంగు ఇంటి ముందు వరస ఎండుగది దాకా సాగింది. ఒక్కరంటే ఒక్కరు కూడా ‘ఇది నిజమేనా’ అని అడగలేదు. అడిగితే ఆయన మాట అనుమానించినట్టు కదా, ఎంత తప్పు!

బాబాయ్ గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకు చూశాడు. ఆయన భార్య సూరమ్మ పిన్ని మాత్రం కొంగు దోపుకుంది. “వచ్చినోళ్లని ఎల్లమంటామేటి? పొయ్యెలిగించండ్రా” అంది. వారానికి దాచిన బియ్యం వండింది, ఎండు నెత్తళ్ల పులుసు పెట్టింది. అందరూ తిని, సరంగు చల్లగా ఉండాలని దీవించి పోయారు.

తర్వాత బాబాయ్ నా వైపు తిరిగాడు. “ఎవుడే రాసింది?”

“మీరే బాబాయ్. మీ పేరే ఉంది. మనోళ్లేగా, డబ్బా అడగలేదు.”

ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. గిన్నెలన్నీ నా చేత తోమించాడు. ఆ డేగిసాలకి మసి ఎంత పట్టిందంటే నా గోళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. అయినా ఫలితం దక్కింది. మనుషులకి పాస్‌వర్డ్ పెట్టడానికి ఒప్పుకున్నాడు.

“మిసన్లకి మాత్తరం ఒద్దు. మిసను అబద్దమాడుద్దా?”

ఒక్క రోజుకి ఇది చాలనుకుని మూడో మెట్టు మీద ఆపాను.

చవితి

పొద్దున్నుంచి పాస్‌వర్డ్‌లు పెట్టించడం. తలప్రాణం తోకకొచ్చింది. సగంమంది తమ పేరే పాస్‌వర్డ్ అన్నారు. ఇంకో సగం పక్కింటివాళ్లకి కూడా తెలియాలి, లేకపోతే బాగుండదన్నారు. ఒకావిడైతే గొట్టంలో తెప్పంతటికీ వినిపించేలా తన పాస్‌వర్డ్ చదివి, బాగుందా అని అడిగింది. బాగుందని పదిమంది జవాబిచ్చారు.

సరంగు బాబాయ్ ‘నేనే’ అని పెట్టబోయాడు. మరీ పొట్టిగా ఉందని డబ్బా ఒప్పుకోలేదు. ఆయన దాన్ని తిట్టాడు, నన్ను తిట్టాడు, ఒడ్డుని తిట్టాడు. చివరికి సూరమ్మ పిన్నే తేల్చింది. “నా పేరెట్టి, పక్కన మన పెళ్లైన ఏడాది ఎట్టు. అలాగైనా గుర్తుంచుకుంటావు.” ఆయన వేలు కొంచెం తడబడింది. పిన్ని ఆ వేలు వైపే చూసింది.

సాయంత్రం పరీక్షలన్నీ నడిపాను. డబ్బాలోంచి రాస్తే తీసుకుంది. పక్క మిషన్ నుంచి రాస్తే తీసుకుంది. మనిషి పాస్‌వర్డ్ లేకుండా రాస్తే పొమ్మంది. అన్నీ పచ్చరంగు చూపించాయి. ఒడ్డు నుంచి ఒక్కటి పరీక్షించాలి, కానీ పౌర్ణమి పోటుకి ఆ తీగ తెగి ఇంకా అతుక్కోలేదు. ఏం కాదులే, బయటివాళ్లు బయటివాళ్లే కదా అనుకున్నాను.

పంచమి

ఇల్లలకగానే పండగ కాదు.

పొద్దున ఒడ్డు తీగ అతికింది. మధ్యాహ్నం తెప్ప మీద మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఎండుగది ఫ్యాన్లు ఆగాయి, తూము ఆగింది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు నా గది మీదికి దండెత్తారు. వాళ్ల నోళ్లకి జవాబు చెప్పలేక తలుపు గడియ పెట్టుకుని ఒడ్డుకి రేడియో కొట్టాను. అక్కడ తపాలా చూసేది షాహిదా, నాతో పాటే పని నేర్చుకున్న మనిషి.

“షాహిదా, మీవాళ్లు మా మిషన్లకేమైనా రాశారా?”

“మేమెవరం రాయలేదు. ఆఁ, ఆగు. మా ఆఫీసు యంత్రం రోజూ భోజనాల వేళ తెప్పలన్నిటికీ ‘మిషన్లు ఆపండి’ అని రాస్తుంది కదా, కరెంటు పొదుపని. ఎవరూ పట్టించుకోరు. మీ పాత డబ్బా కూడా బయటే పారేసేది.”

“కొత్తది పారేయలేదే!”

“అయితే నేను ఒకటి రాస్తా చూడు, పాస్‌వర్డ్ లేకుండా.”

రాసింది. పొమ్మనాల్సిన డబ్బా తీసుకుంది. ఎక్కడి నుంచి వచ్చిందని రాసుకుందో చూద్దును కదా, ‘ఇంటి మిషన్’ అని ఉంది!

గంటసేపు జుట్టు పీక్కుంటే అప్పుడు దొరికింది. ఒడ్డు తీగకీ మా డబ్బాలకీ మధ్య ఒక మిషనుంది. దాన్ని గుమ్మం అంటాం. బయటి నుంచి ఏది వచ్చినా అది గుమ్మంలోంచే రావాలి. కొత్త డబ్బాతో పాటు ఈ గుమ్మాన్నీ మార్చారు. ఈ కొత్త గుమ్మం వచ్చిన ప్రతి ఉత్తరం మీదా పంపినవాడి చిరునామా చెరిపేసి తన చిరునామా వేస్తోంది. డబ్బా ‘ఎవరు’ అంటుంది, గుమ్మం ‘నేనే’ అంటుంది. ఇంట్లో మిషనే కదా, మూడో మెట్టు ప్రకారం మనోళ్లే. రండి, దయచేయండి.

గుమ్మం కూడా మా ఊరి బుద్ధే నేర్చుకుంది! ఎవరితో చెప్పుకుని ఏడవను?

అష్టమినాడు పైడి నీళ్లలో ఉండగా ఒడ్డున ఎవరికో భోజనాల వేళయితే, గాలి ఆగిపోతుంది.

షష్ఠి

గొలుసు పని వాయిదా వేయమన్నాను. సరంగు బాబాయ్ నన్ను తెప్ప అంచుకి తీసుకెళ్లి పాత గొలుసు చూపించాడు. ఒక కడియం నా చిటికెన వేలంత సన్నగా అరిగిపోయి ఉంది.

“ఎల్లుండి కాదని ఆ పై అష్టమి దాకా ఇది ఆగుద్దంటే రాసియ్యి, వాయిదా ఏసేత్తాను. అమాస పోటుకి తెగిందంటే తెప్పంతా కొట్టుకుపోద్ది. పిల్లాజెల్లా ఉన్నారమ్మా.”

నేను రాసివ్వలేను.

షాహిదాని ఆ భోజనాల ఉత్తరం ఆపించమన్నాను. అడిగి చూసింది. ఆపాలంటే అర్జీ పెట్టాలట, అర్జీ పరిశీలనకి వెళ్తుందట. పరిశీలన అనే మాట ఇంకోసారి వింటే నేను ఈదుకుంటూ ఒడ్డుకెళ్లి ఎవర్నో ఒకర్ని కొరికేస్తాను.

పోనీ మొదటి మెట్టుకి మార్చేద్దాం, ఎవర్నీ నమ్మొద్దు అనుకున్నాను. మార్చి పరీక్ష పెడితే గాలి మిషన్ ఉత్తరాలు కూడా తిరిగొచ్చాయి. గాలి తగ్గితే ‘తగ్గుతోంది’ అని రాసేది అదే. పాతకాలపు మిషన్, దానికి పాస్‌వర్డ్ చెప్పడం రాదు. నేర్పే దారీ లేదు. నమ్మితే బయటివాడు గాలి ఆపేస్తాడు. నమ్మకపోతే గాలి ఆగిందన్న కబురే రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సప్తమి

దారి దొరికింది. మొదటి మెట్టు అలాగే ఉంచి, గాలి మిషన్ ఒక్కదానికి దాని సొంత చిరునామా రాసి మినహాయింపు ఇచ్చాను. గుమ్మానికి ఏ మినహాయింపూ లేదు. ఎవరైనా మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఆ పేరు మీద కాసేపు తలుపు మూసేయమని కూడా పెట్టాను, ఊహించి ఊహించి కొట్టేవాళ్లుంటారు కదా. పరీక్షలన్నీ మళ్లీ నడిపాను. ఈసారి షాహిదా చేత ఒడ్డు నుంచి కూడా రాయించాను. పొమ్మంది. మధ్యాహ్నం భోజనాల ఉత్తరం వచ్చింది, దాన్నీ పొమ్మంది. తూము ఆగలేదు. నాకు డబ్బాని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

పైడి అన్నానికి వచ్చాడు. ముద్ద ముద్దకీ మధ్య రేపటి లెక్క చెప్పాడు. నడుముకి తాడు ఉంటుంది, పైన తాడు పట్టుకునేది సరంగు బాబాయ్. ఒకసారి లాగితే బాగున్నానని. వరసగా లాగితే పైకి తియ్యమని. అప్పుడు బాబాయ్ చేతిఫోన్లోంచి ‘పైకి లాగు’ అని రాస్తాడు.

“అక్కా, నీ డబ్బా నన్ను చంపెయ్యదు గదా?” అన్నాడు నవ్వుతూ.

“నోర్మూసుకుని తిను” అన్నాను. వాడి కంచంలో ఇంకో చేప ముక్క పడేశాను, అడక్కుండానే. నాకు భయమేస్తే కోపమే వస్తుంది. అమ్మ పోయినప్పటి నుంచి వాడు నీళ్లలోకి దిగిన ప్రతిసారీ నాకు కోపమే.

అష్టమి

పైడి పొద్దున దిగాడు. నేను తపాలా గదిలో డబ్బా ముందు కూర్చున్నాను. వచ్చే పోయే ప్రతి ఉత్తరం తెర మీద కనిపిస్తుంది.

కొత్త గొలుసు తగిలించడం అనుకున్నదాని కంటే ఆలస్యమైంది. భోజనాల వేళయింది. తెర మీద వరస కదిలింది. ‘గుమ్మం నుంచి. గాలి మిషన్‌కి. ఆపు.’ కింద ఎర్రగా డబ్బా జవాబు, ‘ఎవరు నువ్వు? పాస్‌వర్డ్ లేదు. పో.’ గాలి మిషన్ చప్పుడు ఆగలేదు, గోడలోంచి వినిపిస్తూనే ఉంది. నేను బల్ల మీద గట్టిగా చరిచాను. వారం రోజుల తిట్లు, తోమిన గిన్నెలు, అన్నీ గిట్టుబాటయ్యాయి అనిపించింది.

కాసేపటికి ఇంకో ఎర్ర వరస.

‘సరంగు పేరు మీద. పైకి లాగు. పాస్‌వర్డ్ తప్పు. పో.’

వెంటనే ఇంకోటి, పాస్‌వర్డ్ తప్పు. ఇంకోటి, తప్పు. ‘ఈ పేరు మీద తలుపు మూయబడినది.’

మూడుసార్లు తప్పు కొట్టింది ఎవరు? ఇప్పుడే ఒడ్డు నుంచి ఒక దిక్కుమాలిన ఉత్తరం వచ్చింది. ఇది కూడా అలాంటిదే అయితే? పేరు మీద వచ్చినదానికి తెర మీద చిరునామా కనిపించదు. గొలుసు సగంలో ఉండగా లాగేస్తే అది తమ్ముడి మీద పడుతుంది. బాబాయే అయితే? లాగకపోతే తమ్ముడు కిందే ఉండిపోతాడు. డబ్బా మాత్రం నేను నేర్పిన పాఠమే తు.చ. తప్పకుండా వల్లిస్తోంది. తలుపు మూయబడినది, తలుపు మూయబడినది. నీ తలుపు తగలెయ్య!

గొట్టం మోగింది. నా నోట అలవాటుగా అదే వచ్చింది.

“ఎవరు?”

“నేనే! నేనేనమ్మా!”

ఆ గొంతు ఏడుస్తోంది. ఎండు చేపల మీద అరిచి, గాలి మీద అరిచి, నా మీద అరిచి జీరబోయిన గొంతు, పుట్టినప్పటి నుంచి నేను విన్న గొంతు. నేనింకేమీ అడగలేదు. గాలి మిషన్‌కి నా పేరు మీద, నా పాస్‌వర్డ్‌తో రాశాను. ‘పైకి లాగు.’

డబ్బా తీసుకుంది. గిలక కిర్రుమంది.

నేను అంచుకి పరుగెత్తేసరికి పైడిని పలకల మీద పడుకోబెట్టారు. కొత్త గొలుసు తగిలింది. పాతది విప్పుతుంటే తెగి, జారుతూ వాడి కాలిని చుట్టుకుని కిందికి ఈడ్చిందట. తాడు లాగాడు, లాగాడు, లాగుతూనే ఉన్నాడట. కాలు కమిలి నల్లగా ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. దగ్గుతున్నాడు. నేను వాడి పక్కన కూలబడి, దగ్గుతున్నవాణ్ని ఒక్కటేశాను.

సరంగు బాబాయ్ చేతిలో తాడు ఇంకా వదల్లేదు. అరచేతులు తాడుకి ఒరుసుకుని చర్మం లేచిపోయింది.

“ఏడాది గుర్తు రాలేదమ్మా” అన్నాడు. “సూరమ్మ పేరొచ్చింది. ఏడాది రాలేదు.”

వెనక సూరమ్మ పిన్ని ఉంది. కొంగు చింపి ఆయన చేతులకి చుట్టింది.

నవమి

బాబాయ్ పొద్దున్నే గొట్టంలో పిలిచాడు. మూడుసార్ల నియమం తీసెయ్యమన్నాడు. తియ్యనన్నాను. ఆ నియమం లేకపోతే రేపు ఇంకెవడో నూరుసార్లు కొడతాడు. డబ్బా తప్పేమీ చెయ్యలేదు, నేను చెప్పిందే చేసింది. అయితే ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లని ఊరికే తిట్టాననిపించింది. వాళ్లు ‘నేనే’ అని వదిలెయ్యరు, గొంతు వినిపిస్తారు. విన్నవాడు ఆ గొంతుకే తలుపు తీస్తాడు. డబ్బాకి చెవుల్లేవు, దానికి పాస్‌వర్డే గతి. అందుకని గిలకకి చేత్తో తిప్పే పిడి నేనే చేయించాను, పైడి కాలితో పాటు పైకొచ్చిన పాత గొలుసు కడియాలు కరిగించి. ఒడ్డువాళ్లు పరిశీలించుకోనీ.

డబ్బా సెట్టింగ్ మొదటి మెట్టు మీదే ఉంది. గాలి మిషన్‌కి మినహాయింపు ఉంది. గుమ్మానికి లేదు.

ఇది రాస్తుండగా తలుపు చప్పుడైంది. ఒక కాలు ఈడుస్తూ వచ్చిన చప్పుడు ముందే వినిపించింది, అయినా లేవలేదు.

“ఎవరు?”

“నేనే.”

“ఏ నేను?”

“నేనేనే, అక్కా! కాలు నొప్పెడతంది, తలుపు తియ్యవే!”

లేచి వెళ్లి గడియ మీద చెయ్యి వేశాను.

“మళ్లీ అను” అన్నాను.